పదకొండో కారణం

ఆ రోజు ఇంట్లో ముగ్గురం: బీడీలు చుట్టే మా పెంటవ్వ, నేను, అమ్మ వదిలివెళ్లిన ఫోను. తెల్లారితే బోధన్‌లో లెక్కల సప్లిమెంటరీ పరీక్ష. మళ్లీ తప్పితే చదువు బంద్, బీడీలే అన్నాడు బాపు.

"పొద్దుగాల సంది ఏం సదివినవే?"

"చదువు ఎందుకు వాయిదా వేస్తున్ననో ఫోన్‌ల ఏఐని అడిగిన, అవ్వా. పది కారణాలు చెప్పింది. అన్నీ నిజమే."

"మరి ఇగ సదువు."

"ఇంకోటి ఉందేమో అడుగుతున్న."

అవ్వ కత్తెర ఆపింది. "తడిపిన ఆకు ముంగట పెట్టుకొని, ఎందుకు చుడుతలేనని నేను ఎవలనన్న అడుగుతున్ననా?"

జవాబు కోసం ఫోను వైపు చూశాను.

అవ్వ దాన్ని చాటలో ఆకుల కింద దాచి, పుస్తకం నా చేతిలో పెట్టి, నన్ను అర్రలోకి తోసింది.

"అవ్వా, తెలిసింది. గిట్ల అడుగుడే పదకొండోది."

"గా కారణం రేపు పరీక్షల అడగరు" అంటూ తలుపేసింది.