పరుగెత్తని నక్క

పంజరం తలుపు తీసినా ఎర్రనక్క పరుగెత్తలేదు. గడ్డి మీదికి దిగి, ఒళ్లు విరుచుకుని, నేరుగా బురుల్ దగ్గరికి వచ్చి ఆమె బూట్ల మధ్య చతికిలబడింది.

బెంచీల మీద పరదేశీ అతిథులు నవ్వారు. ఫొటోలు తీసుకున్నారు.

"వదినా, దాన్ని తరుము," అన్నాడు మెలిస్, మైకును అరచేత్తో మూసి. ఇసిక్‌కుల్ సరస్సు ఒడ్డున డేగ చేత నక్కను పట్టించి చూపే ఈ ఆట నడిపేది అతనే. "అది మైదానం మధ్యకు పోవాలి. కొండ మీద మీ ఆయన డేగను పట్టుకుని కాచుకునున్నాడు."

"పోవట్లేదు. ఏం చెయ్యమంటావు?"

"ఎందుకు పోతుంది? పంజరంలో పెట్టి చూసుకోమని ఇస్తే నువ్వు ఒళ్లో పెట్టుకుని పెంచావు."

బురుల్ మూడు నెలలు రొట్టెను మాంసం చారులో నానబెట్టి చేత్తో తినిపించిన మాట నిజం.

"ఇవాళ్టికి వదిలెయ్ మెలిస్. నక్కతోలు గుర్రం వెనక కట్టి ఈడ్పించు. డేగ దాని మీద కూడా దిగుతుంది."

"తోలు చూడ్డానికా వీళ్లు ఇంత దూరం వచ్చింది?" అతను దగ్గరికి వంగాడు. "పోయిన ఆదివారం సగిన్ అన్న డేగ రెండుసార్లు గురి తప్పింది. పక్క లోయ వేటగాళ్లు ఏమంటున్నారో తెలుసా? ఆ డేగకు కోడిపిల్లనివ్వండి, అదీ కాళ్లు కట్టేసి, అంటున్నారు. ఇవాళ కూడా ఇంతే అయితే ఇకనుంచి వాళ్లనే పిలుస్తాను. అన్న ఇంట్లో కూర్చుని ఉన్ని వడుక్కోవచ్చు."

ఆ వేటగాళ్లు గుర్రాల పక్కన నిలబడి పులిసిన గుర్రప్పాలు తాగుతున్నారు.

"ఏం వదినా, ఉయ్యాల కట్టమంటావా దానికి?" అన్నాడొకడు. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు కొండ మీదికి వినపడుతుందేమోనని బురుల్ అటు చూసింది. అంత దూరాన సగిన్ ఒక నల్లటి చుక్క.

"అదిగో, డేగ ఎగరబోతోంది," అన్నాడు మెలిస్ మైకులో.

బురుల్ నక్కను కాలితో నెట్టింది. అది నాలుగడుగులు పరుగెత్తి, ఆటనుకుని తిరిగొచ్చింది. చెయ్యెత్తి అదిలించింది. అది ఆ చేతిని వాసన చూసింది.

ఆమె వంగి రాళ్లు ఏరుకుంది.

మొదటిది పక్కన పడింది. రెండోది వెనక కాలికి తగిలింది. నక్క కీచుమని, మూడు కాళ్ల మీద మైదానం మధ్యదాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ నిలబడింది. బురుల్ తల దించుకుని రెక్కల చప్పుడు కోసం ఎదురుచూసింది.

చప్పుడు రాలేదు. మెలిస్ మైకులో మళ్లీ అరిచాడు. అతిథులు బెంచీల మీద అటూ ఇటూ కదిలారు.

"రా... రా," అని బురుల్ మెల్లగా పిలిచింది, చెయ్యి చాపి. ఆ చెయ్యి చూడగానే నక్క చెవులు వెనక్కి వాల్చి, కుంటుకుంటూ ముళ్లపొదల్లోకి పోయింది.

కాసేపటికి సగిన్ గుర్రాన్ని నడిపించుకుంటూ దిగి వచ్చాడు. డేగ ముంజేతి మీదే ఉంది. వేటగాళ్లు ఈలలు వేశారు. అతను అటు చూడలేదు. చాలా రోజుల తర్వాత అతని ముఖం తేటగా ఉంది.

"నక్క ఏది?"

"పోయింది."

"పోనీ, మంచిదే."

"డేగను వదల్లేదేమయ్యా?"

"దాని కళ్ల మీది తోలు టోపీ విప్పనే లేదు. ఇటు చూడలేక, వీపు తిప్పి కూర్చున్నాను."

బురుల్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నవ్వితే నవ్వనీ," అన్నాడు సగిన్. "నీ చేత్తో తిన్నదాన్ని నువ్వెటూ తరమవు. నేనొక్కణ్ణే సిగ్గుమాలినవాణ్ణి ఎందుకవ్వాలి అనుకున్నాను."