చిల్లు చూపినవారికి

ఉదయం తొమ్మిదిన్నరకు ఆ ఉత్తరం మెయిల్లోకి వచ్చి పడింది. కింద పేరు లేదు. "మీ ఫ్రేమ్‌వర్క్ వాడుకునేవాళ్లలో ఒకడిని" అని మాత్రం ఉంది.

మేస్త్రి దాన్ని నిదానంగా చదివాడు. ఎక్కడా ఒక్క అక్షరం తప్పు లేదు.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. పద్దెనిమిదేళ్ల కిందట ఒక సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్ రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండని వదిలేసిన మనిషి. ఆసుపత్రులు, లైబ్రరీలు, టికెట్ కౌంటర్లు తమ వెబ్‌సైట్లను దాని మీదే లేపుకున్నాయి. మేస్త్రి అన్నది కంప్యూటర్లవాళ్లు ఆయనకు ముద్దుగా పెట్టిన పేరు. పెట్టినవాళ్లలో ఆయన మొహం చూసినవాళ్లు లేరు.

ఉత్తరంలోని సంగతి చిన్నది కాదు. వెబ్‌సైట్లో పేరూ చిరునామా నింపే గడిలో ఒక పద్ధతిగా నాలుగు ముక్కలు టైపు చేస్తే చాలు. ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడు ఆ కంప్యూటర్ చేత తనకు కావలసిన పనల్లా చేయించుకోవచ్చు. ఫైళ్లు ఎత్తుకుపోవచ్చు. అన్నీ చెరిపేయొచ్చు.

ఇంతకుముందు కూడా మేస్త్రి చాలా లోపాలే సరిచేశాడు. చడీచప్పుడు లేకుండా చేశాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కిందటి నెల మొత్తంలో ఆయనకు వచ్చిన ఫోన్ ఒక్కటి. అదీ రాంగ్ నంబర్.

పదకొండుకల్లా మరమ్మతు సిద్ధమైంది. "పెద్ద చిల్లు బయటపడింది. కొత్త వెర్షన్ వెంటనే వేసుకోండి. ఏ అనుమానం ఉన్నా ఫోన్ చేయండి" అని ప్రకటన పెట్టి, కింద తన నంబరు ఇచ్చాడు. ఫోను పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పావుగంటలో మోగింది.

"హలో..." అన్నాడు. చాలా రోజులుగా వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"మేస్త్రి గారేనా? అసలు మీరు ఉన్నారా అని మా ఆఫీసులో పందేలు కాశారండీ!" అవతల ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే అమ్మాయి. నవ్వుతూ మొదలుపెట్టింది కానీ, మరుక్షణమే గొంతు మారింది. "కొత్త వెర్షన్ ఎక్కడం లేదండీ. మీ ప్రకటన చూసి ఎవడో అప్పుడే మా తలుపులు తడుముతున్నాడు. లోపల నాలుగు వేలమంది రోగుల రికార్డులున్నాయి."

మేస్త్రి ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. ఇంత తొందరగా వస్తారనుకోలేదు.

"కంగారుపడకమ్మా. ముందు బయటి దారి మూసెయ్. నేను లైన్లోనే ఉంటాను."

గంటా పది నిమిషాలు. ఆయన చెప్పడం, ఆమె టైపు చేయడం. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కింది.

"ఏమీ పోలేదండీ! అన్నీ ఉన్నాయి!" కేకేసిందామె.

"నన్ను క్షమించమ్మా."

"భలేవారే, మీరేం చేశారండీ? దగ్గరుండి గట్టెక్కించారు. ఇంతకీ ఇది కనిపెట్టిందెవరు?"

"పేరు రాయలేదు."

"పాపం! నా తరఫున థాంక్స్ చెప్పండి. మర్చిపోకండేం!"

"చెబుతాను," అన్నాడు.

మూడు రోజులు ఫోను చల్లారలేదు. లైబ్రరీవాళ్లు, టికెట్లవాళ్లు, పత్రికలవాళ్లు. ఎనిమిది నెలల తర్వాత చెల్లెలు కూడా చేసింది. "అన్నయ్యా, వార్తల్లో నీ గురించే! వేళకింత తింటున్నావా?" అంది. తింటున్నానన్నాడు. ఆమె వెనక పిల్లల గోల కాసేపు విన్నాడు.

నాలుగో రోజు ఎవరూ చేయలేదు. అన్నిచోట్లా కొత్త వెర్షన్ వేసేసుకున్నారు. మేస్త్రి ఫోను తీసి, పనిచేస్తోందో లేదో చూశాడు. పనిచేస్తోంది.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పేరులేని మనిషికి జవాబు రాశాడు. "మీరు రాసి ఉండకపోతే నాకు ఈ మూడు రోజులు ఉండేవి కావు. ఆసుపత్రి అమ్మాయి మీకు థాంక్స్ చెప్పమంది. మీరు బాగున్నారా?"

పంపించాడు. తర్వాత తన మెయిల్ మూసేసి, ఆ పేరులేని మనిషి మెయిల్‌కు పాస్‌వర్డ్ కొట్టి, అప్పుడే వచ్చిన ఉత్తరాన్ని తెరిచి చదువుకున్నాడు.