శుక్రవారం బడి

కొండవలసలో పిల్లలంతా పాఠాలు చూపించే కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లోనే చదువుకుంటున్న రోజులవి. బడి మూసి పదకొండేళ్లయింది. వీధులకు కాపలా తిరిగే డ్రోన్లను మున్సిపల్ ఆఫీసులో కూర్చుని నడిపేది గౌరీశ్వరి. ఆమె కూతురు హిమజ మూడో తరగతి. ఆ పిల్ల ఇంతవరకూ ఇంకో పిల్ల పక్కన కూర్చుని ఎరగదు.

ఆ ఏడు బడ్జెట్ సమావేశంలో ఇంకో ఆరు డ్రోన్లు కొనాలన్నారు. ఊరివాళ్లను మాట్లాడమన్నప్పుడు గౌరీశ్వరి లేచింది.

"మేడమ్, సాయంత్రమైతే పిల్లలు ఒక్కొక్కరే మేడెక్కి, పక్క మేడ మీది పిల్లల్ని చూస్తూ నిలబడతారు. డ్రోన్లలో రోజూ నాకు కనిపించేది అదే. డ్రోన్లు వద్దు, బడి తెరవండి."

చైర్‌పర్సన్ సత్యవేణి బడ్జెట్ కాగితాలు తిరగేసింది. "బడి తెరవాలంటే ఉన్న డ్రోన్లు కూడా తగ్గించాలి. ముందు పోయేది నీ పనేనమ్మా."

"తెలుసండీ."

దొంగతనాల సంగతేమిటని కొందరు అరిచారు. చివరికి కొత్త డ్రోన్లు మాని, ఉన్నవాటిలో కొన్ని తగ్గించి, ఒక గది, ఒక టీచరు, వారానికి ఒక్క శుక్రవారం అని తేల్చారు. గౌరీశ్వరికి సగం రోజుల పనే మిగిలింది.

మొదటి శుక్రవారం హిమజ పరుగున ఇంటికొచ్చింది. "అమ్మా, రుక్సానా నా పక్కనే కూర్చుంది. రాస్తుంటే దాని మోచెయ్యి తగిలి నా అక్షరాలన్నీ వంకరపోయాయి!" అంది. ఆ వంకర అక్షరాలు తల్లికి మూడుసార్లు చూపించింది.

అన్నం తింటూ అడిగింది. "రేపు కూడా శుక్రవారమేనా అమ్మా?"