కొత్త గొంతు

మా అమ్మాయి డబ్బింగ్ చెబుతుంది. సూపర్‌హీరోల దండు సినిమాలో, ఆ దండును నడిపించే ఆడమనిషికి గొంతు దానిదే.

విడుదలైన రోజు నుంచీ అభిమానులు ఫోన్లలో ఒకటే రాతలు. "మగాళ్ళకి ఆర్డర్లేసే ఆ గొంతేంట్రా, రేకుడబ్బాలో గులకరాళ్ళేసినట్టు! పీకెయ్యండి దాన్ని!" రెండు వాక్యాలు తిన్నగా రాయలేని వెధవలంతా స్వరజ్ఞానులే.

స్టూడియోవాళ్ళు జడిసిపోయి, రెండో భాగానికి గొంతు మార్చేశామని ప్రకటించారు.

నిన్న ట్రైలర్ వచ్చింది. అదే మూక చంకలు గుద్దుకుంది. "ఇదిరా గొంతంటే! ఆ పాతదానికి వినిపించండి, నేర్చుకుంటుంది!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ బదులు ఎవత్తిని పెట్టారే?"

అమ్మాయి వేడినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"నేనే నాన్నా. టైటిల్స్‌లో పేరొక్కటే తీసేశారు. నువ్వు అరవకు. బయటికి తెలిస్తే మళ్ళీ బాగోలేదంటారు."