వరాలు తోడు

మాటలు రాని పిల్లలున్న ప్రతి ఇంటికీ ప్రభుత్వం ఒక తోడును ఇచ్చింది. ఆ యంత్రం చేతులు వెచ్చగా ఉంటాయి. అది తినిపిస్తేనే మా చెల్లి వరాలు అన్నం తింటుంది. అది వచ్చాకే అమ్మ మళ్లీ మిరపచేలకు కూలికి వెళ్తోంది.

ఈ ఉదయం తనిఖీ యంత్రం వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా చేసినట్టే అమ్మ వరాలుకి కొత్త పరికిణీ కట్టి, యంత్రానికి కుర్చీ వేసింది.

"మజ్జిగ తాగుతారా?"

"నేను తాగనమ్మా. పాప తనంతట తాను తింటుందా?"

"ఎందుకు తినదండీ! మా వరాలు బంగారం."

నేను అమ్మ కొంగు లాగాను. "ఊరుకోవే, కొత్తవాళ్ల ముందు పిల్లని తక్కువ చేస్తామా?" అని అమ్మ గొణిగింది.

"చాలా సంతోషం. ఇక మీకు తోడు అవసరం లేదు," అంది యంత్రం.

అమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, మాటవరసకి అన్నానండీ! ముద్ద కూడా ఎత్తుకోలేదు నా తల్లి!"

"ముందు చెప్పిన జవాబే నమోదైందమ్మా."

తోడు వరాలు చేతిలోంచి తన వేళ్లను మెల్లగా విడిపించుకుని, గడప దాటి, చెయ్యి ఊపింది. రోజూ అమ్మ చేనికి వెళ్లేటప్పుడు అలా ఊపడం వరాలుకి నేర్పింది అదే. ఊపితే సాయంత్రానికి తిరిగొస్తారని చెల్లికి తెలుసు. నవ్వుతూ తనూ ఊపింది.

"పాప వీడ్కోలు కూడా చెబుతోంది," అని మెచ్చుకుంటూ తనిఖీ యంత్రం తోడు వెనకే వెళ్లిపోయింది.

పొద్దు వాలింది. అమ్మ కలిపిన అన్నం ఎండిపోయింది. వరాలు గుమ్మంలో కూర్చుని ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది.