బూడిదలో అడుగులు

“నువ్వు వాకిట్లోనే ఉండు. ముందు నేను చూస్తా,” అని అత్త సెబాస్తియానా గడియ తీసింది.

మామ అన్సెల్మో పోయి అయిదు రోజులు. నిన్న ఏట్లో ఆయన బట్టలన్నీ ఉతికారు. పొద్దుగూకాక ఇంటి నేలంతా బూడిద చల్లి, అందరూ వంటపాకలో పడుకున్నారు. పోయినవాడు రాత్రి వచ్చి, తనకు తోడెవరో చూసుకుని పోతాడు. ఆ అడుగులు ఎవరి పక్క దగ్గర ఆగితే వాళ్ళదే తర్వాతి వంతు. తెల్లారాక గడప ఇవతల నుంచే చూడాలి, లోపల కాలు పెట్టకూడదు.

నిల్దా వీపున కట్టుకున్న పిల్లాణ్ణి సర్దుకుంది. అత్త తల లోపలికి పెట్టి చూసింది, చూసి చాలాసేపు కదల్లేదు. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

“ఏముంది అత్తా?”

కాసేపటికి తలుపు తెరుచుకుంది.

“చూడు, నా మంచం దగ్గరికే వచ్చాడు. అక్కడ కూడా బంగాళాదుంపలు నేనే ఉడకెయ్యాలి కాబోలు మీ మామకి.”

గుమ్మం నుంచి అత్త మంచం దాకా అడుగులు వరసగా ఉన్నాయి. నిల్దాకి గుండె తేలికైంది, వెంటనే సిగ్గేసింది.

అత్త వాకిట్లోకి దిగింది. ఆమె పాదాలు చీలమండల దాకా బూడిదతో తెల్లగా ఉన్నాయి, లంగా అంచు కూడా. లోపల, పిల్లాడు పడుకునే గొర్రెతోలు చుట్టూ మాత్రం నేల నున్నగా తుడిచి ఉంది.

“నిల్దా,” అంది అత్త వెనక్కి తిరక్కుండానే. “పిల్లాణ్ణి ఇవాళ వీపు మీంచి దించకు.”