వదలని బటన్

"దిగకండి, పైకి లేవండి! రన్‌వే మీద ట్రాక్టరు ఆగిపోయింది!" కంట్రోల్ టవర్లోంచి హేమశ్రీ మైకులో అరిచింది.

స్పీకర్లో పైలట్ గొంతు వినిపించింది. పక్కనున్న కోపైలట్‌తో కబుర్లు. "మండపేట దాటేశామయ్యా. మా ఆవిడ డాబా మీద నుంచుని ఎర్రచీర ఊపుతానంది. కనపళ్లేదు."

"ఆయన మైకు బటన్ నొక్కుకుపోయిందమ్మా," అన్నాడు సీనియర్ సత్యప్రసాద్. "అది వదిలేదాకా ఆయన మాటలన్నీ మనకి వినపడతాయి. మన మాట ఒక్కటీ ఆయనకి చేరదు."

విమానం దిగుతూనే ఉంది. అద్దాల గదిలో ఆయన నవ్వు మోగుతోంది.

హేమశ్రీ మైకు వదిలేసి సిగ్నల్ లైటు అందుకుంది. ఎర్రకాంతిని నేరుగా విమానం ముఖానికి పట్టింది.

నవ్వు ఆగింది. "ఎర్రగా ఏంటది? లేపు, లేపు!"

విమానం టవర్ మీదుగా హోరుమంటూ పైకి లేచింది. స్పీకర్లో టక్కుమని చప్పుడైంది.

"టవర్లో ఎవరూ లేరాండీ? ఇంతసేపూ ఒక్కరూ పలకరేంటి?" పైలట్ మండిపడ్డాడు.

"మీరు బటన్ వదల్లేదండి," అంది హేమశ్రీ మళ్లీ మైకు అందుకుని.

పైలట్ గొంతు తగ్గించాడు. "అయితే... అంతా విన్నారా?"

"ఆయ్, విన్నామండి." హేమశ్రీ సిగ్నల్ లైటు ఆర్పేసింది. "ట్రాక్టరు తీసేలోగా మండపేట మీదుగా ఓ చుట్టు తిరిగి రండి. ఆవిడ ఇంకా డాబా మీదే ఉండుంటారు."